ఉద్వాసన లేని తెర

దేవుని పిలుచుట తెలిసిన జాతికి దేవుని సాగనంపుటయు తెలిసియుండవలెను. వినాయకచవితినాడు మట్టిబొమ్మయందు ప్రాణప్రతిష్ఠ చేసి, ఇరువదియొక్క పత్రులతో పూజించి, ఉండ్రాళ్లు నివేదించి, నియమించుకొన్న దినములు గడచిన పిదప ఆ బొమ్మను పీటమీద కొంచెము కదల్చి, ఉద్వాసన చెప్పి, నీటికి చేర్చుదుము. ఏటియొడ్డున ఇసుకతో పార్థివలింగమును చేసి అర్చించినవాడు లేచిపోవునపుడు దానిని ఆ యిసుకయందే లయింపజేసి పోవును. బొమ్మ మట్టియనియు లింగము ఇసుకయనియు అర్చించువానికి తెలియును. తెలిసియు వానిని ఉన్నవి ఉన్నట్లు వదలి వెడలిపోడు. ఈ సాగనంపుటయందున్న ధర్మము దేవతార్చనకే చెల్లునా, లేక మనుష్యులు కలిసి అనుభవించి ఒకనాడు విడిచిపెట్టు స్థలములన్నింటికిని చెల్లునా యను ప్రశ్న, చెన్నపట్టణమునకున్న ఒకే యొక డ్రైవ్ ఇన్ సినిమాశాల నేలమట్టమగుచున్నదను వార్త చదివిన నాటినుండి నా మనస్సును వదలకున్నది.

ఆ శాల పేరు ప్రార్థన. మహాబలిపురమునకు సముద్రతీరము వెంట పోవు రహదారిపై, ఈంజంబాక్కమను చోట, 1991లో అది వెలసెను. ఆ చుట్టుప్రక్కలనే 1966లో కె.సి.ఎస్. పణిక్కరు ప్రభృతులు నెలకొల్పుకొన్న చోళమండల కళాకారుల గ్రామము కలదు. శాల వెలసిన నాటికి నగరపాలక సంస్థ ఎల్లలు ఇంకను అంతదూరము పోలేదు. ఆవరణలో ఆరాధన యను పేర కప్పుగల మఱియొక శాల యున్నను, జనులు ప్రత్యేకించి తరలివచ్చినది మాత్రము ఆరుబయటి తెరకొఱకే. ఇంటనుండి పులిహోరయు పెరుగన్నమును మూటగట్టుకొని, చాపలును దిండ్లును కారు వెనుక సర్దుకొని, పొద్దుగుంకకముందే చేరి, కారు ప్రక్క చాప పఱచి, పిల్లలను కారు కప్పుమీద కూర్చుండబెట్టి, సముద్రపు గాలిలో బొమ్మ చూచుట ఆ పట్టణమున ఒక తరమువారికి సెలవుదినపు ఆచారమాయెను. 2011లో నగరపు టెల్లలు విస్తరించి ఆ తీరగ్రామము పట్టణములో కలిసిపోయెను. విశాలమైన ఖాళీనేల, దినమున కొన్ని గంటలు మాత్రమే పనిచేయు నేల, అంగుళమంగుళమునకు ధర పలుకు చోట ఎంతకాలము నిలువగలదు? 2020లో మహమ్మారి వచ్చి సినిమాశాలలన్నింటిని మూయించినపుడు ఆరిన ఆ తెర మఱల వెలుగలేదు. 2024 మొదట్లో, ఆ స్థలము ఇండ్లు కట్టువారి చేతికి పోయినదనియు, కట్టడములను పడగొట్టుచున్నారనియు పత్రికలు వ్రాసినవి. ఇందు ఎవరి దోషమును లేదు. తన నేలను తానమ్ముకొన్న యజమానుని తప్పుపట్టుటకు నాకు హక్కు లేదు. అమ్మకుము అని కోరుటయు నా యుద్దేశము కాదు.

ఈ విధమైన శాలను మొదట కల్పించినవాడు రిచర్డ్ హోలింగ్స్‌హెడ్ అను అమెరికా వర్తకుడు. తన యింటి ముంగిట కారుమీద ప్రొజెక్టరు నుంచి, చెట్లకు తెర కట్టి, వెనుకనున్న కారువానికి ముందున్న కారు అడ్డము రాకుండవలెనన్న ముందుచక్రముల నెంత యెత్తున నిలుపవలెనో చూచుకొని, ఆ వాలుదిబ్బల యేర్పాటునకు 1933 మే నెలలో పేటెంటు పొంది, జూన్ 6వ తేదీన న్యూజెర్సీలో క్యామ్‌డెన్ పట్టణము చెంత సుమారు 400 కార్లు పట్టు శాలను తెఱచెను. 1958 నాటికి ఆ దేశమున అట్టివి 4000 దాటెను. నేడు మిగిలినవి సుమారు 300. టెలివిజను వచ్చినదనియు, ఊరి వెలుపలి బీళ్లు ఊరి నడిమి నేలలైనవనియు, 1973లో చమురునకు కఱవు వచ్చినదనియు అందఱును చెప్పుదురు. ఇన్నింటి నడుమ నన్ను మిక్కిలి ఆలోచింపజేసిన కారణము వేఱొకటి. 1966లో చేసిన యొక చట్టముచేత, వేసవిలో గడియారములను ఒక గంట ముందునకు జరుపు పద్ధతి ఆ దేశమున ఇంచుమించుగా అంతటను ఏకరీతిగా అమలులోనికి వచ్చెను. గడియారము జరిగినది కాని సూర్యుడు జరుగలేదు. అందుచేత చీకటిపడుట గంట ఆలస్యమై, ఆట మొదలగునప్పటికి పిల్లలు నిద్రపోవు వేళ మించిపోవుచుండెను. ఉత్తరమున దూరముగానున్న దేశముల కష్టమిది. భూమధ్యరేఖకు చేరువనున్న చెన్నపట్టణములో ఏడాది పొడవునను సూర్యుడు 5-40కిని 6-40కిని నడుమనే అస్తమించును గనుక అక్కడి తెరకు ఈ చిక్కు లేకపోయెను. అయినను నియమము రెండుచోట్లను ఒక్కటియే: సంధ్య దాటనిదే బొమ్మ లేదు.

ఈ నియమమును గుఱించి కొంచెము నిలిచి ఆలోచింపవలెను. కప్పుగల శాల తన చీకటిని తానే సృష్టించుకొనును. తలుపులు మూసి, దీపములార్పినచో మధ్యాహ్నము పండ్రెండుగంటలకును అక్కడ అర్ధరాత్రియే. ఆరుబయటి శాలకు ఆ స్వాతంత్ర్యము లేదు. దాని యజమాని యెంత ధనవంతుడైనను, చూడవచ్చినవాడు ఎంత అధికారియైనను, పడమట ఎఱుపు చల్లారువఱకు ఊరకయుండవలసినదే. సంధ్యావందనము చేయువాడు తన తీరికను బట్టి సంధ్యను మార్చుకొనలేనట్లు, ఈ ప్రేక్షకుడును తన కాలమును సూర్యునికి అప్పగించి కూర్చుండును. మనుష్యుని వశమున లేనిదాని కొఱకు వేచియుండుట యను శిక్షణ నేటి వినోదములయందు మఱి దేనియందును నాకు కానరాదు. వేచియుండు ఆ అరగంటలోనే కారు ప్రక్కనున్న కారువారితో పలుకరింపులు, పిల్లల పరుగులు, మూటలు విప్పుట, ఒకరి పచ్చడి మఱియొకరి విస్తరిలోనికి పోవుట జరుగును. బొమ్మకంటె ఆ అరగంటయే ఎక్కువగా గుర్తున్నదని చెప్పినవారు నాకు తెలిసినవారిలోనే కలరు.

అయితే ఎవరి కారులో వారు కూర్చున్నది సమూహమగునా? ఈ సందేహమును అమెరికాలో మతమే యెదుర్కొనవలసివచ్చెను. 1955లో రాబర్ట్ షుల్లర్ అను యువబోధకుడు కాలిఫోర్నియాలో ఆరెంజి డ్రైవ్ ఇన్ శాలను ఆదివారపు ఉదయములకు అద్దెకు పుచ్చుకొని, అందలి ఫలహారశాల కప్పు నెక్కి ప్రసంగించెను. వినవచ్చినవారు కార్లు దిగలేదు. రోగులు, వృద్ధులు, పసిపిల్లల తల్లులు, మంచి బట్టలు లేవని గుడికి పోజంకువారు అక్కడికి వచ్చిరి. పిదప 1961లో రిచర్డ్ న్యూట్రా రూపించిన మందిరమునందును, 1980లో ఫిలిప్ జాన్సన్ పర్యవేక్షణమున లేచిన గాజుమందిరమునందును, లోపలివారితోపాటు వెలుపల కార్లలోనివారికిని బోధకుడు కనబడు ఏర్పాటు విడువలేదు. గాజుమందిరమునకు 90 అడుగుల యెత్తు తలుపులు ఇందులకే పెట్టిరి. ఫ్లారిడాలో డేటోనా బీచియందు 1953 మొదలు ఒక సంఘము పాత డ్రైవ్ ఇన్ నేలమీదనే ఆరాధన జరుపుకొనుచున్నది. 2020లో గుడులు మూతపడినపుడు ఆ దేశమున అనేకులు మఱల ఈ మార్గమునే పట్టిరి. ఏ మహమ్మారి మన తీరమున ఆ తెర నార్పెనో, అదే మహమ్మారి అక్కడ పాత తెరలయెదుట కార్ల బారులు తీర్చెను.

కఠోపనిషత్తు శరీరమును రథముగను, ఆత్మను రథికునిగను, బుద్ధిని సారథిగను, మనస్సును కళ్లెముగను, ఇంద్రియములను గుఱ్ఱములుగను చెప్పినది. రథమున ఒక్కొక్కడు ఒంటరియే. ఎవని రథమున వాడే పోవలసియున్నది. అయినను వందలకొలది రథములు ఒక మైదానమున నిలిచి, కళ్లెములు సడలించి, ఒక్క దిక్కుననే చూచుచున్నచో, వారి ఒంటరితనము చెడకుండగనే ఒక ఐక్యము సిద్ధించుచున్నదని నాకు తోచును. కార్లలోని సమూహము తక్కువ సమూహమని నేనెన్నడు నొప్పుకొనను. స్థలము వేఱైనను కాలమొక్కటి, దృశ్యమొక్కటి. నవ్వు ఒక్క క్షణముననే అన్ని కిటికీలలోనుండి వెలువడును. అఱచేతిలో ఎవరి తెర వారు పట్టుకొని, ఎవరి వేళకు వారు చూచుకొను నేటి పద్ధతిలో ఒక్క యింటివారును ఒక్క సమూహము కారు. పోయినది ఎంతటిదో తెలియవలెనన్న ఈ భేదమును చూడవలెను.

ఇక వేదాంతి లేచి యిట్లు పూర్వపక్షము చేయవచ్చును: "దృశ్యమంతయు మిథ్యయే. నీ తెరమీద ఆడినవి నీడలు. ఆ నీడలకు ఆధారమైన తెరయు మఱియొక దృశ్యమే. నీడలకొఱకు ఏడ్చుట మోహము. నీడలు పడిన గోడకొఱకు ఏడ్చుట అంతకంటె మోహము." ఈ మాటకు బలము మన తీరమునకు ఎంతో దూరము కాని తిరువణ్ణామలైనుండియే దొరకును. భగవాన్ రమణమహర్షి, తనను చేరినవారితో 1935 మొదలు 1939 వఱకు చేసిన సంభాషణములను మునగాల వెంకటరామయ్యగారు వ్రాసియుంచిరి. అందు సినిమాతెర దృష్టాంతము పలుమాఱులు వచ్చును. బొమ్మలలో అగ్ని మండినను తెర కాలదు, వెల్లువ వచ్చినను తడియదు. బొమ్మలు వచ్చును పోవును, తెర యుండును. ఆత్మయు అట్టిదే యని వారి తాత్పర్యము. సినిమా మన దేశమున ఇంకను కొత్తగా మాటలు నేర్చుచున్న కాలములో, గుహలలో తపస్సు చేసి కొండ దిగివచ్చిన యొక ముని ఆ యంత్రమునుండి అద్వైతమును ఇంత సులభముగా పిండి యిచ్చుట ఆశ్చర్యకరము. ఈ దృష్టాంతమునకు నేను శిరసు వంచుదును.

కాని దృష్టాంతము చెప్పినవాని నడత దృష్టాంతముకంటె గొప్ప సాక్ష్యము. ఆ మహర్షియే 1922లో తల్లి అళగమ్మ ప్రాణము పోవు గంటలయందు ఆమె ప్రక్కనే కూర్చుండి, ఒక చేయి ఆమె గుండెపైనను ఒక చేయి తలపైనను ఉంచి, కడవఱకు కదలలేదు. ఆమె సమాధిమీదనే మాతృభూతేశ్వరాలయము లేచెను. 1948 జూన్ 18వ తేదీన ఆశ్రమములోని లక్ష్మి యను గోవు మరణించినపుడు, దాని తలపై చేయి వైచి లాలించి, ఆశ్రమభూమియందే దానికి సమాధి కట్టించి, దానిపై ఒక పద్యమును రచించిరి. ఆ సమాధి చెంతనే ఒక జింకకును, ఒక కాకికిని, ఒక కుక్కకును సమాధులు కలవు. ఎవరికి సమస్తమును తెరమీది బొమ్మగా తోచెనో, వారే ఆ బొమ్మలలో ఒక కాకి బొమ్మ చెరిగిపోయినపుడును దానిని ఊరక వదలలేదు. వైరాగ్యమునకును ఉపేక్షకును ఎంత దూరమున్నదో నాకు ఏ భాష్యముకంటెను ఆ చిన్న సమాధులే ఎక్కువ స్పష్టముగా చెప్పుచున్నవి. మిథ్యయనగా శూన్యమని శంకరులు చెప్పలేదు. సత్తనరానిది, అసత్తనరానిది, వ్యవహారమున్నంతవఱకు ఉన్నదియే. వ్యవహారమున్నంతవఱకు దానికి చేయవలసిన విధియు ఉండును. సన్న్యాసులయ్యు ఆ శంకరులే కాలడిలో తల్లికి ఉత్తరక్రియలు చేసిరని సంప్రదాయము చెప్పుటలోని మర్మమును ఇదియే కాదా?

ఒక ఆక్షేపణ మిగిలినది, ఇది లోకజ్ఞులది. గుడి వేఱు, సినిమాశాల వేఱు. గుడిలో దేవుడున్నాడు, శాలలో వ్యాపారమున్నది. వ్యాపారమునకు ఉద్వాసన యేమిటి? దీనికి సమాధానము మన నేలయందే కలదు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగినపుడు, కృష్ణ యొడ్డున ఇక్ష్వాకుల విజయపురి యంతయు మునుగవలసియుండెను. అప్పటికే మొదలిడి, 1954 మొదలు 1960 వఱకు ఆ లోయను త్రవ్వి, దొరికినదానిని కొలిచి, గీసి, వ్రాసి, ముఖ్యమైన కట్టడములను ఎత్తుకొని వచ్చి కొండమీదను, అనుపులోను మఱల నిలిపిరి. స్తూపములును విహారములును మాత్రమే తెచ్చిరా? మూడవ శతాబ్దిలో ఆ నగరవాసులు మెట్లమీద కూర్చుండి వినోదములు చూచిన ఆరుబయటి రంగస్థలమును గూడ తెచ్చి అనుపులో పేర్చిరి. అందు నిలిచి పలికిన మాట మెట్ల చివరివఱకు ఎట్లు వినవచ్చుచున్నదో నేటికిని చూడబోయినవారు పరీక్షించుచుందురు. నీరు వచ్చుట ఆగలేదు, ఆగవలసిన పనియు లేదు. పొలములకు నీరు కావలెను. వచ్చు నీటికి ఎదురేగి ఆ నగరమును సాగనంపిరి. శ్రీశైలపు జలాశయములో మునుగనున్న కూడవెల్లి సంగమేశ్వరుని ఆలయమును ఱాయి ఱాయికి గుర్తుపెట్టి అలంపురమునకు తరలించుటయు ఇట్టిదియే. ఆగమములును ఈ బుద్ధినే శాసించినవి. గర్భాలయమును విప్పి కట్టవలసినపుడు కళాకర్షణము చేసి, దేవుని బాలాలయమను తాత్కాలికపు గుడిలో నిలుపుదురు. యాదగిరిగుట్టయందు 2016 మొదలు 2022 మార్చి వఱకు భక్తులు దర్శించినది బాలాలయముననే. కూల్చుట దోషము కాదు. ఉన్నదానిని ముందు గౌరవముతో లేపకుండ కూల్చుట దోషము.

తెలుగువారికి ఈ విషయము పరాయి పట్టణపు సమాచారము కాదు. దక్షిణదేశమున బొమ్మలు చూపుటను మొదట డేరాలలో సాగించి, పిదప 1914లో మౌంటురోడ్డు చేరువ గెయిటీ శాలను కట్టిన రఘుపతి వెంకయ్య మనవాడు. ఆ గెయిటీయు నేడు లేదు. 1957లో మాయాబజారు తీసిన వాహినీ స్టూడియో నేలమీద ఆసుపత్రియు, హోటలును, అంగళ్ల మేడయు లేచినవి. ఘటోత్కచుని వివాహభోజనము ఏ అంతస్తు క్రింద జరిగినదో చెప్పు ఫలకమైన నుండదగునని అక్కడికి పోయిన తెలుగువానికి తోచుట సహజము. ఇవియన్నియు ఎవరో దుర్మార్గులు చెఱచినవి కావు. ఎవరును వీడ్కోలు చెప్పక వదలినవి. ప్రార్థన విషయమునను అదే జరిగెను. పడగొట్టుచున్నారను వార్త రాగానే బాల్యస్మృతులు వెల్లువెత్తినవి. వానిలో కపటము లేదని నేను నమ్ముదును. అయితే అవి యన్నియు తెర ఆరిన మూడు నాలుగేండ్లకు వచ్చినవి. 2020లో కడపటి ఆట చూచిన కుటుంబము అది కడపటిదని యెఱుగదు. ఆ రాత్రి చాప మడిచి కారెక్కినవారు మఱల వత్తుమనుకొనియే పోయియుందురు. ఉద్వాసన లేని పూజవలె ఆ దుఃఖము ముగియుటకు చోటు లేక నిలిచిపోయినది.

సినిమాశాలకు ఉద్వాసన యెట్లు చేయవలెనని ఎవరైనను అడిగినచో, క్రొత్త తంత్రమేదియు కల్పింపనక్కఱలేదు. ఆవాహనమునకు మనము చేసినదానినే తిరుగవేయవలెను. శాల తెఱచినపుడు తెరకు కొబ్బరికాయ కొట్టి హారతి యిచ్చిన దేశమిది; క్రొత్త సినిమా పెట్టె వచ్చినపుడు కర్పూరము వెలిగించిన దేశమిది. కడపటి ఆటకు తేదీ నొక నెల ముందుగా ప్రకటింపవలెను. ఆ శాలలో మొదట ఆడిన సినిమా దొరకినచో దానినే వేయవలెను. నేల టిక్కెట్టువారిని ముందు వరుసలో కూర్చుండబెట్టవలెను. ఏండ్ల తరబడి ప్రొజెక్టరు గదిలో ఒంటరిగా వేడికి మాడిన ఆపరేటరును, గేటుకడ టిక్కెట్లు చించినవానిని, విరామములో సోడాలమ్మినవానిని తెరయెదుట నిలిపి పేరు పేరున పిలువవలెను. ఆట ముగిసిన పిదప తెరకు హారతి యిచ్చి, ఆ తెరను వారి కనులయెదుటనే దింపవలెను. ప్రొజెక్టరును ఇనుపసామానుల అంగడికి తూచి అమ్మక, ఊరిలోని ఏ కళాశాలకైనను ఈయవలెను. దీనికగు ఖర్చు ఒక్క ఆట వసూలుకంటె ఎక్కువ కాదు. ఆ నేలకు వచ్చు ధరలో అది లెక్కకు రాదు.

హైదరాబాదునందును, విజయవాడయందును, విశాఖపట్టణమునందును ఒంటి తెరతో మిగిలిన శాలలు ఇంకను కొన్ని యున్నవి. వానిలో ఎన్ని ఎన్నాళ్లు నిలుచునో వాని యజమానులకు తెలిసినంత మనకు తెలియదు. వారిలో ఎవరైనను ఇప్పటికే అమ్మకపు మాటలలో ఉన్నచో, ఒప్పందపు కాగితముపై చేవ్రాలు చేయుటకు ముందే కడపటి ఆట తేదీని గోడపత్రికపై అచ్చువేయింపవలెనని నేను వారిని వేడుకొనుచున్నాను. ఆ గోడపత్రికను చూచినవారము టిక్కెట్టు కొని, పిల్లలను వెంటబెట్టుకొని పోవలసియున్నది.